అరవై నాలుగు రేకులు

నేను లెక్కల మనిషిని.
మా చర్చి డబ్బాకి తాళం నాది, తాళంచెవీ నాదే.
తొమ్మిదేళ్లు రాశాను:
మొక్కజొన్న అమ్మితే ఇంత, ఎండుచేప అమ్మితే ఇంత,
లైటన్ ఇచ్చిన గుడ్లు పదకొండు,
అందులో ఒకటి మురిగినది.

బ్లాంటైర్ నుంచి లారీలో రేకులొచ్చిన రోజు
పిల్లలు వాటిలో మొహాలు చూసుకున్నారు.
ఎవరూ లేనప్పుడు నేనూ చూసుకున్నాను.
అరవై నాలుగు. ఏదైనా రెండుసార్లు లెక్కపెట్టడం నా అలవాటు.
అరవై నాలుగే.

మార్చిలో తుఫాను వచ్చింది.
పేరు పెట్టి మరీ పంపారు దాన్ని.
మా చర్చి గడ్డికప్పు ఏ సరస్సులో తేలిందో తెలియదు.
గోడ వెనక కట్టలు కట్టి బండరాళ్లెత్తిన రేకులు మాత్రం
పడుకున్నవి పడుకున్నట్టే ఉన్నాయి.
దేవుడు కాపాడాడన్నారు.
తాడు మంచిదన్నాను నేను.

ఏటి అవతల మపాంబేలో ఇళ్లు లేవు.
మసీదు అరుగు మీద ముగ్గురు బాలింతలు,
ముగ్గురికీ ఒకటే దుప్పటి.

మామిడిచెట్టు కింద సంఘం కూడింది.
ఎలెసి అవ్వకి ఒక చెవి వినపడదు,
అందుకే ఏదైనా అరిచే చెబుతుంది:
"రాత్రిళ్లు చర్చిలో ఎవరు పడుకుంటారు?"
"గబ్బిలాలు," అన్నాడొక కుర్రాడు.
"అవీ పోయాయిగా.
పడుకునేవాళ్లకి కదరా ముందు కప్పు!"

పాస్టరు మ్టలిమంజ నా వైపు చూశాడు.
నేను పుస్తకం వైపు చూశాను.
చేతులెత్తమన్నారు. నా చెయ్యి లేవలేదు.
అదీ రాసిపెట్టాను: వ్యతిరేకం, ఒకటి.

రేకుకి ఇద్దరు, నడుంలోతు నీళ్లు.
లెక్క తప్పుతుందేమోనని వెళ్లాను, ఇంకెందుకూ కాదు.
ముప్పై ఎనిమిదో రేకు కింద ఒక మనిషి తగ్గితే
నా తల పెట్టాను.
ఏటి మధ్యలో ఉండగా మళ్లీ వాన.
నెత్తిన రేకు మోగడం మొదలైంది.
తొమ్మిదేళ్లుగా, ప్రసంగం మధ్యలో కళ్లు మూసుకుని
నేను వినాలనుకున్న చప్పుడు అదే.
ఎక్కడ వినాల్సింది, ఎక్కడ విన్నాను!
ముందున్న మనిషి ఆగావేమన్నాడు.
కాలికింద రాయి ఉందన్నాను.

ఈస్టరుకి కప్పు లేదు.
జియోనె బిడ్డ బాప్తిస్మానికి
పాస్టరు గిన్నెలో చెయ్యి ముంచేలోపే
ఆకాశం పని ముగించింది.
ఆమెన్ అన్నాం, నవ్వుతూ, తడుస్తూ.
నేను మాత్రం పుస్తకాన్ని చొక్కాలో దాచుకున్నాను.

సరస్సు ఒడ్డు నుంచి
అద్దాల కిటికీల చర్చివాళ్లు చూడటానికొచ్చారు.
బూట్లకి మా బురద అంటకుండా నిలబడి
మీ పద్ధతేమిటన్నారు, కమిటీ ఎట్లా వేశారన్నారు,
మాకు మీరే ఆదర్శమన్నారు.
పాస్టరు గొంతు సవరించుకుని, సవరించుకుంటూనే ఉండిపోయాడు.
ఎలెసి అవ్వ వినపడని చెవి వాళ్లవైపు తిప్పింది.
చూపించడానికి నా పుస్తకమొక్కటే ఉంది.
చొక్కాలోకీ వాన దూరిందేమో, సిరా అలుక్కుపోయిన పేజీ:
ఖర్చు వైపు, రేకులు, అరవై నాలుగు.
ఎవరికి అన్న చోట ఖాళీ.
ఏం రాయాలో అప్పుడు తోచలేదు.
వాళ్లు అదంతా ఎక్కించుకున్నారు,
ఖాళీతో సహా.

కోతలయ్యాక మపాంబే వడ్రంగి అబీబు వచ్చాడు.
పాత పొగాకు డబ్బా నా ముందు పెట్టాడు.
"మీ మేకులు. మిగిలాయి.
వంగినవి రాతి మీద కొట్టి సాపు చేశాను."
"ఎన్ని?" నోరు ఊరుకోదు కదా.
"నూట పన్నెండు."
మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి చర్చి గోడల మధ్య
లాంతరు పెట్టుకుని కూర్చున్నాను.
పైన చుక్కలు, వాటి లెక్క నాది కాదు.
డబ్బా ఊపి చూశాను, నిండుగా మోగింది.
మూత మీదికి వేళ్లు వెళ్లాయి,
వెనక్కి వచ్చాయి.

జమ వైపు రాశాను:
మేకులు, నూట పన్నెండు.